పదమూడు దారాల పట్టీ

జనవరి 14

మళ్లీ డైరీ మొదలుపెట్టాను. మా ఆయన దివాకర్‌తో ఏం చెప్పినా "ఊరికే ఫైర్ అవుతున్నావ్ వసంతా" అంటాడు. ఆద్యకు చెబితే కళ్లు తిప్పుతుంది. పదమూడేళ్లకే అన్నీ తెలిసిపోయాయి దానికి. కాగితమైతే ఎదురు మాట్లాడదు.

ఈ రోజు లైబ్రరీలో నేత క్లాసుకు వెళ్లాను. పద్మజ లాక్కెళ్లింది. ఆమె బేస్‌మెంట్ బొటీక్‌కి ఐడియాలు కావాలట. నేర్పే ఆవిడ పేరు మారిట్. డెబ్బై ఆరేళ్లు. ముప్పై ఏళ్లు స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. వాళ్ల అమ్మమ్మ నార్వే ఉత్తరపు కొసన రెయిన్‌డీర్లు మేపుకునే సామి జాతి మనిషి. రాగి గనుల్లో పని వెతుక్కుంటూ వచ్చిన మొగుడి వెంట ఈ మిషిగన్ పై కొసకు వచ్చి పడిందట. ఆ జనం నడుముకూ, బూట్ల మీద చీలమండలకూ చుట్టుకునే రంగుల పట్టీలు నేయడం ఈవిడ నేర్పుతుంది.

మగ్గం అంటే ఏదో అనుకుని వెళ్లాను. అరచేయంత చెక్క పలక. వరసగా చీలికలూ, చీలికల మధ్య రంధ్రాలూ. వాటిలోంచి పడుగు దారాలు పోనిచ్చి, ఒక కొస తలుపు పిడికి, రెండో కొస మన నడుముకున్న బెల్టుకు కట్టాలి. పలక ఎత్తితే సగం దారాలు లేస్తాయి, నొక్కితే మిగతా సగం. నమూనా దారాలను మాత్రం వరస వరసకూ వేళ్లతో ఏరుకోవాలి.

నేను నేత పనివాడి కూతుర్నని గొప్పగా చెప్పుకున్నాను. నోరు మూసుకుని ఉండాల్సింది. ఆవిడ నా జానెడు పట్టీ చూసి, "టూ టైట్. ఎవరి మీద కోపం?" అంది.

ఎవరి మీదా లేదు.

జనవరి 21

విప్పించింది. నేసిందంతా విప్పించింది.

మా ఊరు కొయ్యలగూడెంలో ఆరేళ్లప్పటి నుంచి కండెలు చుట్టాను. పడుగు సాపాను. తెగిన పోగులు అతికాను. మగ్గం మీద మాత్రం నాన్న కూర్చోనివ్వలేదు. "ఆడపిల్లకెందుకే, రేపు ఇంకో ఇంటికి పొయ్యేదానివి" అన్నాడు. అన్నయ్య భాస్కర్‌ని పదేళ్లకే కూర్చోబెట్టాడు. ఆ మహానుభావుడు ఏం చేశాడు? నాన్న పోయిన ఏడాదిలోపు మగ్గం గుంట పూడ్చి, పైన సిమెంటు చేసి, లేసు మిషన్లు దించాడు. ఇప్పుడు షెడ్డులో పన్నెండున్నాయి.

నలభై నాలుగేళ్లకు, ఈ మిషిగన్ కింది కొసన నోవైలో నాకు ఒక బస్సు డ్రైవర్ నేత నేర్పుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియదు. విప్పి, మళ్లీ నేశాను.

జనవరి 28

పద్మజ రాలేదు. రెండు క్లాసులతోనే చాలించింది. "ఇంత టైం పట్టే పని బిజినెస్‌కి వర్కౌట్ అవదమ్మా" అట. పీడా పోయింది.

ఫిబ్రవరి 11

వెడల్పు సరిగా వచ్చింది. మారిట్ బొటనవేలు ఆనించి చూసి, ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే బాగున్నట్టు.

ఫిబ్రవరి 18

క్లాసయ్యాక నన్ను ఒక్కదాన్నే ఉండమంది. తన చేతులు చూపించింది. వేళ్ల కణుపులన్నీ వాచి ఉన్నాయి. నేర్పడానికి పనికొస్తాయి గానీ నేయడానికి రావట.

బిస్కెట్ల డబ్బాలోంచి ఒక పాత పట్టీ తీసింది. వాళ్ల అమ్మమ్మ నేసినది. ఎర్ర నేల మీద పదమూడు నమూనా దారాలు, నీలం, పసుపు. నాకు గుండె ఝల్లుమంది. అంత బాగుంది. మారిట్ మనవరాలు కైసా జూన్‌లో మొదటిసారి నార్వే వెళ్తోందట, అక్కడున్న చుట్టాల దగ్గరకు. కాలికి మూడు గజాల చొప్పున ఈ పట్టీ కట్టుకుని వెళ్లాలి. మొహం తెలియని ఊళ్లో ఆ పట్టీ చూసి, ఇది ఫలానా వాళ్ల పిల్ల అని పోల్చుకుంటారట.

"మా ఇంట్లోనే కూర్చుని నేయాలి. ఫోటోలు వద్దు. మిగతా నమూనాలు ఎవరికైనా నేర్పుతాను. ఇది మాత్రం మా ఇంటిది, ఇంట్లోనే ఉండాలి" అంది.

సరేనన్నాను. ఒట్టు పెట్టించుకోలేదు.

ఫిబ్రవరి 27

వారానికి రెండు రోజులు మారిట్ ఇంటికి వెళ్తున్నాను. ఈ రోజు ఆవిడ కాఫీ పెట్టడానికి వెళ్లినప్పుడు ఒక్క ఫోటో తీశాను. ఒక్కటే. ఇంటికొచ్చి అన్నయ్యకు పంపాను. "చూడు, మగ్గం మీద ఎవరు కూసున్నరో" అని.

రెండు నిమిషాల్లో జవాబు. "అరె చెల్లె, మస్తున్నదే! ఎన్ని పోగులు?"

చెప్పాను.

"ఏ వరుసకు ఏ పోగు లేస్తది?"

అదీ చెప్పాను. గళ్ల కాగితం మీద ఇరవై నాలుగు వరసలూ గీసి పంపాను. వాడు నన్ను పని గురించి అడగడం నా పుట్టుకలో ఇదే మొదటిసారి. మగ్గం దగ్గరికి వెళ్తే "పో, కండెలు సుట్టు పో" అన్నవాడు. నలభై నిమిషాలు కూర్చుని గీశాను.

అన్నాచెల్లెళ్ల మాట. ఊరంతా చాటానా? ఫోటో నా ఫోన్‌లోంచి తీసేశాను కూడా.

మార్చి 11

ఒక కాలి పట్టీ సగమైంది. మారిట్ మా నాన్న సంగతి అడిగింది. చెప్పాను. నెమలికళ్ల డిజైన్ ఒకటి ఆయన ఎనిమిది నెలలు కూర్చుని కట్టాడు, పోగు పోగుకూ రంగు ముడులు వేసి. షావుకారు శాంపిల్ చూస్తానని పట్టుకెళ్లాడు. మూడు నెలలు తిరక్కుండా ఎక్కడిదో మిల్లు అదే డిజైన్ పాలిస్టర్ మీద అచ్చేసింది. బస్టాండు ముందు తోపుడు బండి మీద గుట్టలు పోసి అమ్మారు. నాన్న ఒకటి కొనుక్కొచ్చి మగ్గం ఎదురుగా గోడకు మేకు కొట్టి తగిలించాడు. పోయేదాకా అది చూస్తూనే నేశాడు.

"మీ నాన్న ఏం చేశాడు మరి?"

"తిట్టాడు."

"ఆ షావుకారునా?"

"కాదు. మమ్మల్ని."

మారిట్ పెద్దగా నవ్వింది. తర్వాత నా మణికట్టు పట్టుకుని, "నేతగాడి కూతురివి, నీకు తెలుస్తుందనే నీకిచ్చాను" అంది.

ఇంటికొస్తూ స్టాప్ సైన్ చూసుకోకుండా వెళ్లిపోయాను. వెనక ఎవడో హారన్ కొట్టాడు. వాణ్ని బండబూతులు తిట్టాను.

మార్చి 25

ఒక కాలి పట్టీ పూర్తయింది. రెండోది మొదలు.

ఏప్రిల్ 5

ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నాను.

హైస్కూల్ ఆడిటోరియంలో తెలుగు అసోసియేషన్ వాళ్ల ఉగాది. లంచ్ లైన్‌లో నా ముందు పద్మజ కూతురు భవిత నిలబడి ఉంది, లంగా ఓణీలో. లంగా అంచు చూశాను. ఎర్ర నేల. పదమూడు దారాలు. నీలం, పసుపు. పసుపు బదులు తళతళా మెరిసే జరీ వేశారు, అంతే తేడా. మారిట్ వాళ్ల అమ్మమ్మ పట్టీ పులిహోర లైన్‌లో నేల ఊడుస్తోంది.

పద్మజను పట్టుకుని అడిగాను. గట్టిగానే అడిగాను.

"ఇది ఎక్కడిది?"

"లేసా? హైదరాబాద్ నుంచి బండిల్ తెప్పించా వసంతా. బావుంది కదూ? ఇంకో పది లంగాలకి వేశా."

"అబద్ధం. క్లాసులో ఫోటో తీసినవ్."

"ఏం మాటలవి? నేనొచ్చిందే రెండు క్లాసులు. ఈ డిజైన్ ఆవిడ చూపించిందే లేదు కదా!"

"దొంగతనం చేసి, మళ్ల నాకే చెప్తున్నవా?"

అన్నాను. దొంగవి అని కూడా అన్నాను. లైన్ మొత్తం తిరిగి చూసింది. ఎవరిదో ప్లేటు కింద పడింది. ఆద్య నా చెయ్యి లాగుతూ, "అమ్మా, ప్లీజ్ స్టాప్, ఎవ్రీవన్ చూస్తుంది" అంది. భవిత ఏడ్చింది. ఏడవనీ.

ఏప్రిల్ 6

దొంగ. దొంగ. రెండు క్లాసులకొచ్చి, తియ్యగా మాట్లాడి, ఇంత పని చేసింది. మారిట్ ఆ రోజుల్లో డబ్బా తీసి ఉండొచ్చు. నేను అటు తిరిగినప్పుడు పద్మజ చూసి ఉండొచ్చు. చూసే ఉంటుంది. ఆమె కళ్లు డేగ కళ్లు.

దివాకర్ అంటాడు, "ఒక్కసారి మీ అన్నకు ఫోన్ చేసి అడుగు, ఆయనది అదే లైన్ కదా, లేసు ఎక్కడ తయారైతదో చెప్తడు" అని. ఎందుకు అడగాలి? దానికీ దీనికీ ఏం సంబంధం?

ఏప్రిల్ 8

ఫోన్ చేయలేదు. మారిట్ ఇంటికీ వెళ్లలేదు. జలుబని మెసేజ్ పెట్టాను.

ఏప్రిల్ 9

పద్మజ గుమ్మం ముందు ఒక కవరు పెట్టి, బెల్ కొట్టి వెళ్లిపోయింది. లోపల లేసు చుట్టిన అట్ట. అట్ట మీద లేబుల్.

డిజైన్ నంబర్ 417. వసంత.

ఏప్రిల్ 10

"నీ పేరే పెట్టిన చెల్లె. సూసినవా? సంబురపడ్తవనుకున్న" అన్నాడు అన్నయ్య. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. అది విని ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది.

"ఎవర్ని అడిగి చేసినవ్?"

"నువ్వే గదనే గీసి పంపినవ్! ఇరువై నాలుగు వరుసలు, ఒక్క తప్పు లేదు. మా డిజైన్ మాస్టర్ సూసి, ఎవరు గీసిండ్రన్నా ఇది, గింత సాఫ్‌గ ఉన్నదన్నడు. మా చెల్లె అని చెప్పిన."

"అది వేరేవాళ్లదన్నా. వాళ్ల ఇంటిది. ఆపు."

"ఎట్ల ఆపుతనే? నేను ఆపితే పక్క షెడ్డోడు ఆపుతడా? వాని మిషన్ల మీద గుడ ఎక్కింది. సూరత్‌ల గుడ తిరుగుతున్నదంట."

"సిగ్గు లేదా నీకు? నాన్నకు ఏమైందో సూడలేదా?"

షెడ్డు బయటికి నడిచినట్టున్నాడు, మిషన్ల చప్పుడు తగ్గింది. తర్వాత అన్నాడు, "సూసిన. నీకన్న దగ్గర్నుంచి సూసిన. నాన్నది ఎత్కపోయినప్పుడు ఎవడన్న అచ్చి అడిగిండా, అంజయ్యా నీకు ఇష్టమేనా అని? మనది పోయింది. గిప్పుడు ఇంకొకళ్లది పోతే మనమెందుకే ఏడ్వాలె?"

తిట్టి పెట్టేశాను. వాడు అన్న మాటలో ఒక్కటి కూడా నాకు కొత్తది కాదు. ఆ గళ్ల కాగితం గీసిన రోజు ఈ మాటలన్నీ నా లోపలా ఉన్నాయి. ఉన్నాయని ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడు రాయలేదు.

ఏప్రిల్ 15

మారిట్ ఇంటికి వెళ్లాను. చెప్పలేదు. ఆవిడ నోవైలో లంగా ఓణీలు ఎక్కడ చూస్తుంది? కైసా నార్వే వెళ్తుంది, అక్కడ లంగాలు కట్టుకునే వాళ్లెవరు? ఎవరికీ తెలియకపోతే ఎవరికీ నష్టం లేదు.

మూరెడు నేశాను. పుల్లలా బిగుసుకుపోయింది. విప్పమంటుందని చూశాను. టైం లేదు, కానివ్వమంది.

ఏప్రిల్ 22

చెప్పేశాను.

నడుముకు పట్టీ కట్టుకుని కూర్చునే చెప్పాను. ఫోటో సంగతి, కాగితం సంగతి, అన్నయ్య, లేసు, అన్నీ. అట్ట తీసి బల్ల మీద పెట్టాను. మారిట్ కళ్లద్దాలు పెట్టుకుని ఆ లేసు వేలితో తడిమింది.

"ఎన్ని గజాలు?"

"తెలియదు. వేలల్లో ఉంటుంది."

"ఆపగలవా?"

"ఆపలేను."

లేచి వచ్చి నా బెల్టుకున్న ముడి విప్పడం మొదలుపెట్టింది. ఆ వేళ్లతో ముడి రాదు. నేను సాయం చేయబోతే చేతి మీద కొట్టింది. చిన్నగా కాదు, చురుక్కుమనేలా. పది నిమిషాలు పట్టింది ఆవిడకు. ఆ పది నిమిషాలూ నేను రెండు చేతులూ పక్కకు పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఊపిరి నా మోచేతికి తగులుతోంది.

ముడి వచ్చాక అంది, "బస్సులో పిల్లలు వెనక ఏం చేసినా అద్దంలో నాకు కనబడేది. ముప్పై ఏళ్లు. నీది కనబడలేదు."

తర్వాత, "గో హోమ్" అంది.

ఏప్రిల్ 23

అసలు ఏమైందని? ఎవరినైనా చంపానా? నాలుగు రంగు దారాలు. చేతి మీద కొడుతుందా? రెండు నెలలు ఊడిగం చేశాను, ఒక కాలి పట్టీ మొత్తం నేసి ఇచ్చాను, కాఫీ కూడా నేనే కలిపాను ఎన్నోసార్లు. రంగు దారాలే కదా!

ఈ ముక్క ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది. నాన్న అడగడానికి వెళ్తే షావుకారు అన్నాడు. "రంగు దారాలే గద అంజయ్యా." నేను పక్కనే ఉన్నాను, నాన్న చెయ్యి పట్టుకుని.

నా మీద నాకు ఒళ్లు మండిపోతోంది.

ఏప్రిల్ 26

పద్మజ బేస్‌మెంట్‌కి వెళ్లాను. కూర్చోమనలేదు. బొమ్మలకు చీరలు కడుతూనే విన్నది.

"సారీ" అన్నాను.

"ఇక్కడ చెబితే ఎవరికి తెలుస్తుంది? నలుగురిలో అన్నావు. నలుగురిలోనే చెప్పు. అసోసియేషన్ గ్రూపులో పెట్టు."

"పెడతా."

"భవితకి విడిగా చెప్పు. అది స్కూల్లో కూడా మాట పడింది, తెలుసా?"

తెలియదు. భవితకు సారీ చెప్పాను. ఆ పిల్ల "ఇట్స్ ఓకే ఆంటీ" అంది. ఓకే కాదని మొహంలోనే ఉంది.

అక్కడే నిలబడి గ్రూపులో రాశాను. "పద్మజ ఏ డిజైనూ తీయలేదు. తీసింది నేను. వసంతలక్ష్మి." రెండు వందల పద్నాలుగు మంది ఉన్నారు అందులో. ముందు దండాలు పెట్టారు, తర్వాత బొటనవేళ్లు. ఎవడో చదవకుండానే హ్యాపీ బర్త్‌డే అన్నాడు.

వచ్చేటప్పుడు పద్మజ మిగిలిన లేసంతా ఒక సంచిలో వేసి చేతికిచ్చింది. "కుట్టేసినవి విప్పలేను, కస్టమర్లవి. ఇది మాత్రం నాకొద్దు" అంది. తిట్టుకుంటూ వెళ్లాను గానీ, ఆమె నాకంటే మర్యాదగానే ఉంది. చచ్చినా ఆమెతో ఈ మాట అనను.

మే 6

ఏమీ లేదు.

మే 13

ఆద్య అడిగింది, "ఆ గ్రాండ్మా ఇంకా నీ మీద మ్యాడ్ ఉందా?"

ఉంది అన్నాను.

"నువ్వు కూడా మ్యాడ్ ఉన్నావా?"

ఉన్నాను అన్నాను. ఎవరి మీద అని అడగలేదు. తెలివైన పిల్ల.

మే 20

మారిట్ ఫోన్. "శనివారం రా. నేయడానికి కాదు."

వస్తానని ఫోన్ పెట్టేశాను.

మే 24

వెళ్లేసరికి కైసా ఉంది. పొడుగ్గా, ముక్కుకు రింగు. ఇరవై ఏళ్లుంటాయి. నాకు షేక్‌హ్యాండ్ ఇవ్వలేదు. నేను నేసిన పట్టీ బల్ల మీద చుట్ట చుట్టి ఉంది.

"అది ఇక ఎవరికీ గుర్తు కాదు" అంది మారిట్. "అది మీ లేసు. కొత్త నమూనా కట్టాను. కైసా నేస్తుంది. ఆరు గజాలు ఇప్పుడు అవదు, ఒక్కో కాలికి ఒక్క చుట్టు వస్తే చాలు."

"మరి నేనెందుకు?"

"కొత్త చెయ్యి. ఒకసారి గుంజుతుంది, ఒకసారి వదిలేస్తుంది. తలుపు పిడికి కడితే దారాలు తెగుతున్నాయి. అవతలి కొసన బిగువు చూసుకునే మనిషి కావాలి. నా నడుము ఆగదు."

కుర్చీ ఫ్రిజ్ వైపు తిప్పి వేసింది. "అటు తిరిగి కూర్చో. వెనక్కి చూడకూడదు."

నేతగాడి కూతుర్ని. నాకు దారాలు కొయ్యకు కట్టినట్టు కడతారా? గోడ వైపు తిరగడానికి నేనేమైనా తప్పు చేసిన స్కూల్ పిల్లనా? అనుకున్నాను, కూర్చున్నాను. కైసా వెనక నుంచి నా నడుముకు పడుగు కొస కట్టింది. ముడి గట్టిగానే వేసింది.

నా ఎదురుగా ఫ్రిజ్. దాని మీద మారిట్ పసుపు బస్సు ముందు నిలబడ్డ ఫోటో. వెనక మారిట్ చెబుతోంది, కైసా ఏరుతోంది. రెండు పైకి. మూడు వదిలెయ్. ఒకటి పైకి. పిల్ల గుంజినప్పుడు నేను కొంచెం ముందుకు వంగాను, వదిలినప్పుడు వెనక్కి వాలాను. రెండో వరసకే బిగువు కుదిరింది. వెనక నుంచి, "ఇట్స్ ఈజియర్" అని మెల్లగా వినిపించింది.

మూడో వరస. నాలుగో వరస.

మా ఇంట్లో నాన్న మగ్గం గుంటలో కూర్చుని అన్నయ్యకు పోగుల లెక్క చెబుతుంటే, నేను గోడ అవతల కండెలు చుడుతూ వినేదాన్ని. ఎవరూ చూపించకపోయినా బట్ట మీద ఏం వస్తుందో నాకు ముందే తెలిసిపోయేది. ఇప్పుడూ అంతే. నాలుగో వరస అయ్యేసరికి ఫ్రిజ్ తలుపు మీద ఆ పట్టీ నా కళ్లకు కడుతోంది. ఐదో వరసలో ఏ దారం లేవాలో మారిట్ చెప్పకముందే నాకు తెలుసు. వద్దనుకున్నాను. పదమూడో ఎక్కం మనసులో చదివాను. ఆగలేదు. నా బుర్ర మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా ఎప్పుడూ రాలేదు.

"మారిట్, లెక్క పైకి చెప్పకండి" అన్నాను. "నాకు అర్థమైపోతోంది."

వెనక చప్పుడు ఆగింది. నడుము దగ్గర దారాలు వదులయ్యాయి. లేచి వెళ్లిపొమ్మంటుందనుకున్నాను.

"ఎంతవరకు అర్థమైంది?" అంది మారిట్.

"నాలుగు వరసలు. ఐదోది కూడా."

ఇద్దరూ ఏదో గుసగుసగా మాట్లాడుకున్నారు. తర్వాత వరసలు విప్పుతున్నట్టు నడుము దగ్గర చిన్న చిన్న కుదుపులు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. నేను తిరగలేదు.

"కైసా, రేడియో పెట్టు. పెద్దగా పెట్టు" అంది మారిట్.

ఎవడో బేస్‌బాల్ కామెంటరీ మొదలుపెట్టాడు. ఆ హోరులో మారిట్ చెప్పే కొత్త లెక్క నాకు వినబడలేదు, కైసా మళ్లీ నేయడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా బిగువు చూసుకుంటూ కూర్చున్నాను. మంగళవారం మళ్లీ రమ్మన్నారు.